తెరచాప పడవ నుండి మోటారు పడవకు మార్పు

తెరచాప పడవను ఏళ్ళ తరబడి నడిపిన వ్యక్తి దానిని విడిచి, యంత్రంతో నడిచే పడవను చేపట్టడం నౌకాయాన క్రీడలోనూ, విహారయాత్రలలోనూ తరచు కనిపించే మార్పు. వయసు మీరడం, తీరిక తగ్గడం, కుటుంబసభ్యుల సౌకర్యం, శిక్షకునిగానో రక్షణ పడవ నడిపేవానిగానో బాధ్యత స్వీకరించడం దీనికి ముఖ్యమైన కారణాలు. గాలితోనే పడవ నడపగలిగినవానికి ఇంజను ఒక లెక్కా అన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది. ఇది సగమే నిజం. గాలిని, కెరటాన్ని, మబ్బును చూసి ముందుగా గ్రహించే శక్తి కొత్త పడవలోనూ అక్కరకు వస్తుంది. కానీ పడవను తిప్పడం, ఆపడం, ఎవరికి దారి ఇవ్వాలో నిర్ణయించడం అనే మూడు విషయాలలో మాత్రం పాత అలవాటే ప్రమాదానికి దారితీయవచ్చును.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సికింద్రాబాదులో ఈ మార్పును గమనించడానికి వీలున్నది. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల నడుమనున్న హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు, మోటారు పడవలు ఒకే నీటిని పంచుకొంటూ ఉండడమే ఇందుకు కారణం.

హుస్సేన్ సాగర్‌లో రెండు రకాల పడవలు

ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ నిర్మించిన హుస్సేన్ సాగర్ విస్తీర్ణం సుమారు 5.7 చదరపు కిలోమీటర్లు. సికింద్రాబాదు వైపు ఒడ్డున సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ తెరచాప పడవల క్రీడను పెంచి పోషించాయి. ఈఎంఈ అనగా సైన్యంలో వాహనాలను, ఆయుధాలను, ఎలక్ట్రానిక్ పరికరాలను మరమ్మతు చేసే ఇంజనీర్ల విభాగం. దీని సైనిక కళాశాల సికింద్రాబాదులోని తిరుమలగిరిలో ఉన్నది. నిత్యం ఇంజన్లతో పనిచేసే విభాగమే ఇంజను లేని పడవల క్రీడకు ఆశ్రయం ఇవ్వడం ఒక చిత్రమైన సంగతి. తరువాతి కాలంలో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ కూడా ఈ చెరువులోనే పిల్లలకు శిక్షణ ప్రారంభించింది.

ప్రతి ఏటా వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ దేశంలోని ముఖ్యమైన తెరచాప పడవ పోటీలలో ఒకటి. దక్కను పీఠభూమిపై జూన్ నుండి సెప్టెంబరు వరకు పడమటి దిక్కు నుండి, నైరుతి నుండి గాలి నిలకడగా వీస్తుంది కాబట్టే పోటీలను ఆ నెలలలో ఏర్పాటు చేస్తారు. ఈ పోటీలలో ప్రధానమైనది లేజర్ తరగతి పడవ. దీని పొడవు 4.23 మీటర్లు, బరువు 60 కిలోలకు కొంచెం తక్కువ, పెద్ద చాప వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. ఒక్కరే నడుపుతారు. ఈ తరగతిని ఇప్పుడు ఇల్కా అని కూడా వ్యవహరిస్తున్నారు. పిల్లలు నేర్చుకొనే ఆప్టిమిస్ట్ పడవ ఇంకా చిన్నది, 2.3 మీటర్లు మాత్రమే.

ఇదే నీటిలో మోటారు పడవలు కూడా తిరుగుతాయి. 1990 మార్చిలో బల్లకట్టుపై తరలిస్తుండగా చెరువులో మునిగిపోయిన ఏకశిలా బుద్ధవిగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు. ఆ తరువాత లుంబినీ పార్కు నుండి విగ్రహం వద్దకు యాత్రికులను తీసుకువెళ్ళే లాంచీలు, వాటితోపాటు స్పీడు బోట్లు నగరవాసులకు అలవాటైనాయి. పైగా తెరచాప పోటీ జరగాలన్నా మోటారు పడవలు లేనిదే వీలుకాదు. పోటీ ప్రారంభించే అధికారుల పడవ, నీటిపై గుర్తులను అమర్చే పడవ, బోల్తాపడిన వారిని రక్షించే పడవ, శిక్షకుని పడవ అన్నీ ఇంజనుతో నడిచేవే. చాప దించిన తరువాత కూడా క్రీడను వదలలేని పాత క్రీడాకారులు ఎక్కువగా చేరేది ఈ పడవలలోకే.

మారడానికి కారణాలు

తెరచాప పడవ శరీరశ్రమను కోరుతుంది. చిన్న పడవలో పడవ అంచుకు ఆవల వెనుకకు వాలి శరీరపు బరువుతో గాలిని ఎదుర్కోవాలి. పెద్ద పడవలో తాళ్ళు లాగాలి, చాప ఎత్తాలి, దించాలి, ఊగుతున్న ముందుభాగానికి నడిచి వెళ్ళాలి. మోకాళ్ళు, నడుము సహకరించని వయసులో ఇవి భారమౌతాయి. ఒక పక్కకు ఒరిగి సాగే పడవలో గంటల తరబడి కూర్చోవడం పడవ యజమానికి ఆనందమే గాని, కుటుంబానికి అన్నివేళలా ఆనందం కాదు.

రెండవ కారణం కాలం. ఎదురుగాలిలో తెరచాప పడవ నేరుగా పోలేదు. అటూ ఇటూ వంకరగా మళ్ళుతూ పోవాలి కనుక పది మైళ్ళ దూరం పద్నాలుగు, పదిహేను మైళ్ళు అవుతుంది. గాలి పడిపోతే కదలికే ఉండదు. దూరప్రయాణం చేసే పడవలు చాలావరకు చిన్న డీజిలు ఇంజనును ఉంచుకొంటాయి. కొన్నేళ్ళ తరువాత లెక్క చూసుకొంటే ఇంజను మీదనే ఎక్కువ గంటలు నడిచినట్లు తేలడం యజమానులకు సాధారణ అనుభవం. అప్పుడు చాపలు, కొయ్యలు, తాళ్ళు ఎందుకన్న ప్రశ్న పుడుతుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో ఇద్దరిని పేర్కొనవచ్చును. అమెరికా నౌకాదళంలో కెప్టెనుగా పనిచేసి విరమించిన రాబర్ట్ బీబీ తెరచాప పడవల అనుభవం కలవాడు. ఆయన 50 అడుగుల పాసేజ్‌మేకర్ అనే మోటారు పడవను రూపొందించి, సింగపూరులో నిర్మింపజేసి 1963లో నీటిలోకి దించాడు. మహాసముద్రాలను చిన్న మోటారు పడవలో నిదానంగా, పొదుపుగా దాటవచ్చునని చూపి, 1975లో వాయేజింగ్ అండర్ పవర్ అనే పుస్తకం ప్రచురించాడు. స్టీవ్ డాషూ తన భార్య లిండాతో కలిసి తెరచాప పడవలలో ప్రపంచయాత్ర చేసి, దూరప్రయాణపు తెరచాప పడవల రూపకర్తగా ప్రసిద్ధుడైన తరువాత, 2005లో విండ్ హార్స్ అనే 83 అడుగుల మోటారు పడవకు మారాడు. సన్నగా, పొడవుగా ఉన్న ఈ పడవ రూపంలో తెరచాప పడవల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరూ వేగం కోసం మారలేదు. తెరచాప నేర్పిన పొదుపును ఇంజనుకు అన్వయించారు.

పడవ నడకలో తేడా

నీటిని పక్కకు తోసుకొంటూ సాగే పడవకు ఒక సహజమైన వేగపరిమితి ఉన్నది. నీటి మట్టం వద్ద పడవ పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లకు సమానం. నీటి మట్టం వద్ద 25 అడుగులున్న పడవకు ఈ పరిమితి 6.7 నాట్లు. పడవ తానే లేపిన ముందు కెరటానికి, వెనుక కెరటానికి మధ్య చిక్కుకొనడం వలన ఇంతకుమించి వేగం పెంచాలంటే శక్తి విపరీతంగా ఖర్చవుతుంది. బరువైన తెరచాప పడవలు చాలావరకు ఈ పరిమితిలోనే తిరుగుతాయి. చదునైన అడుగు గల స్పీడు బోటు మాత్రం ఇంజను బలంతో ఆ కెరటం మీదికి ఎక్కి, నీటి ఉపరితలంపై జారుతూ పోతుంది. తేలికైన లేజరు కూడా బలమైన వాలుగాలిలో కొంతసేపు ఇలా జారగలదు.

ఈ తేడా ఫలితం దూరాన్ని అంచనా వేయడంలో తెలుస్తుంది. 5 నాట్ల వేగంతో పోయే పడవ పది సెకన్లలో దాదాపు 26 మీటర్లు కదులుతుంది. 25 నాట్ల వేగంతో పోయే పడవ అదే పది సెకన్లలో సుమారు 129 మీటర్లు పోతుంది. రెండు కిలోమీటర్ల నీటిని మొదటి పడవ పదమూడు నిమిషాలలో దాటితే, రెండవది రెండున్నర నిమిషాలలో దాటుతుంది. ఎదుట కనిపించిన పడవను చూసి ఇంకా వ్యవధి ఉన్నదిలే అనుకొనే పాత నావికుని కన్ను మొదటి లెక్కకు అలవాటు పడినది.

తెరచాప పడవ అడుగున బరువైన కీలు గాని, నీటిలోకి దిగే పలక గాని ఉంటుంది. అది పడవను పక్కకు కొట్టుకుపోనీయదు. మోటారు పడవలలో చాలావాటికి అటువంటిది లేదు. అడుగు చదును, పైభాగం ఎత్తు. అందువలన రేవు దగ్గర వేగం తగ్గించగానే గాలి పడవను పక్కకు నెట్టివేస్తుంది. చాప దించినంత మాత్రాన గాలి తనను వదిలివేయదని మారినవారికి మొదటిసారి బోధపడేది ఇక్కడే.

చుక్కాని విషయంలో భేదం ఇంకా ఎక్కువ. తెరచాప పడవ కదులుతున్నంతసేపు చుక్కాని పనిచేస్తుంది. వెనుక తగిలించే అవుట్‌బోర్డు మోటారుకు విడిగా చుక్కాని ఉండదు, మోటారే తిరుగుతుంది. పంకా తిరిగినంతసేపే దిశ మారుతుంది. ఇంజను తటస్థంలో పెట్టి చక్రం తిప్పితే పడవ తన దారిన తాను పోతూనే ఉంటుంది. లోపలి ఇంజను గల పడవలలో పంకా తిరిగే దిశను బట్టి వెనుకభాగం ఒక పక్కకు జరుగుతుంది. ముందుకు పోయేటప్పుడు సవ్యదిశలో తిరిగే పంకా, వెనుకకు నడిపినపుడు పడవ వెనుకభాగాన్ని ఎడమకు లాగుతుంది. దీనిని ముందుగా ఎరిగినవారు రేవుకు ఎడమ పక్కను ఆనించి, ఆ లాగుడునే ఉపయోగించుకొంటారు. ఆపడానికి తెరచాప పడవను గాలికి ఎదురుగా మళ్ళిస్తే చాలును. మోటారు పడవను ఆపాలంటే గేరును వెనుకకు వేయాలి, దానికి కొంత వ్యవధి కావాలి.

ఇక ఊగుడు. నిండిన చాప పడవను ఒక పక్కకు ఒరిగించి అదిమి ఉంచుతుంది కాబట్టి పడవ అటూ ఇటూ ఊగదు. చాపలేని పడవ పక్క కెరటాలలో ఉయ్యాలవలె ఊగుతుంది. ఎన్నడూ కడుపులో తిప్పు ఎరుగని పాత నావికులకు మోటారు పడవలో మొదటిసారి వాంతులు కావడం వింత కాదు. పెద్ద పడవలలో నీటిలోకి చాచిన రెక్కలు, వేగంగా తిరిగే బరువైన చక్రాలు ఈ ఊగుడును తగ్గించడానికి వాడుతారు. బీబీ తన పడవకు చిన్న చాపలను ఉంచుకోవడానికి ఇదికూడా ఒక కారణం.

దారి ఇచ్చే నియమాలు

1972లో ఆమోదం పొంది 1977లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర సంఘర్షణ నివారణ నియమాలు రెండు రకాల పడవలకు వేరువేరు బాధ్యతలను విధించాయి. సాధారణ పరిస్థితులలో యంత్రపు పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలి. ఏళ్ళ తరబడి దారి పుచ్చుకొన్నవాడు ఒక్కసారిగా దారి ఇచ్చేవాడు అవుతాడు. ఈ మార్పులో అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే ఇది చేతికి కాక మనసుకు సంబంధించిన అలవాటు.

రెండు తెరచాప పడవలు ఎదురైనపుడు గాలి ఏ పక్క నుండి తగులుతున్నదో చూడాలి. కుడి పక్క గాలి గల పడవకు దారి హక్కు. రెండు మోటారు పడవలు ఎదురైనపుడు గాలితో పని లేదు. ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి మళ్ళాలి. అడ్డంగా వస్తే, తన కుడి పక్కన మరొక పడవను చూస్తున్నవాడే తొలగాలి. ముందున్న పడవను దాటిపోయే పడవ ఏదైనాసరే, తెరచాపదైనాసరే, తానే తప్పుకోవాలి. చాప ఎత్తి ఉన్నప్పటికీ ఇంజను నడుస్తుంటే అది యంత్రపు పడవ కిందనే లెక్క. అటువంటి పడవ పగటివేళ కొన కిందికి ఉన్న శంకువును ముందుభాగంలో కట్టాలి. ఈ నియమాన్ని పాటించేవారికంటే మరచేవారే ఎక్కువ.

సముద్రంతో సంబంధం లేని హుస్సేన్ సాగర్‌కు ఈ నియమావళి నేరుగా వర్తించదు. అయినా తెరచాప నేర్చినవారు ఇక్కడ కూడా దానినే ప్రమాణంగా తీసుకొంటారు. చిన్న చెరువులో నియమం ఒక్కటే సరిపోదన్నది వేరే విషయం. వేగంగా పోయే పడవ వెనుక లేచిన అలలు కట్ట రాతిగోడకు తగిలి తిరిగి వస్తాయి. పెద్ద లాంచీకి అవి లెక్కలోనివి కావు. ఆప్టిమిస్టులో ఉన్న పదేళ్ళ పిల్లవానికి అవి పడవలోకి నీరు తెచ్చే అలలు. ఆ అల లోపలికి ఎలా వస్తుందో అనుభవించిన పాత తెరచాప నావికుడు మోటారు పడవ నడిపేటపుడు పిల్లల గుంపుకు దూరంగా, వేగం తగ్గించి పోతాడు. మార్పులో పోగొట్టుకోకూడనిది ఇటువంటి జ్ఞానమే.

ఇంధనం, ఇంజను

గాలికి ఖరీదు లేదు, పెట్రోలుకు ఉన్నది. పూర్తి వేగంలో నడిచే పెట్రోలు ఇంజను ప్రతి 100 హార్స్‌పవరుకు గంటకు సుమారు 38 లీటర్లు తాగుతుందని స్థూలమైన లెక్క. అదే పొడవుగల బరువైన పడవ 6 నాట్ల నిదానపు నడకలో చిన్న డీజిలు ఇంజనుతో గంటకు కొద్ది లీటర్లతోనే సరిపెట్టుకొంటుంది. మోటారు పడవ నడిపేవారు ఇంధనాన్ని మూడు భాగాలు చేస్తారు. మొదటిది పోవడానికి, రెండవది రావడానికి, మూడవది ఆపదకు. తెరచాప నుండి వచ్చినవారు ఈ మూడవ భాగాన్ని తక్కువగా చూస్తారు. వెనుకటి పడవలో ఇంజను ఆగినా చాప ఉండేది, కొత్త పడవలో ఇంజను ఆగితే మిగిలేది లంగరే. అందువలన లంగరు, తగినంత తాడు, తెడ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పలుచనై సాధారణ ఇంజను బలం తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం తగ్గుదల ఉంటుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హుస్సేన్ సాగర్‌లో ఒక మోటారు తీరప్రాంతంలో కంటే దాదాపు 5 శాతం తక్కువ బలాన్ని ఇస్తుంది.

ఇక్కడి నీటిలో అసలు బాధ వేరే ఉన్నది. నాలాల ద్వారా చేరే మురుగు, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క పంకాకు చుట్టుకొంటాయి. అవుట్‌బోర్డు మోటారు బయటి నీటిని పీల్చుకొని చల్లబడుతుంది. ఆ రంధ్రానికి సంచి అడ్డం పడితే కొద్ది నిమిషాలలోనే ఇంజను వేడెక్కుతుంది. మోటారు వెనుక నుండి చిమ్మే సన్నని నీటిధార ఆగిపోయిందా అని చూస్తూ ఉండడం ఇక్కడ నడిపేవారికి గాలిని చూడడమంత ముఖ్యం.

భద్రత

తెరచాప పడవ నుండి నీటిలో పడినవానికి ముప్పు ఎక్కువగా పడవ దూరమైపోవడం వలన కలుగుతుంది. మోటారు పడవ నుండి పడినవానికి ముప్పు పడవ దగ్గరకు రావడం వలన కూడా కలుగుతుంది, ఎందుకంటే పంకా కత్తి వంటిది. మనిషి చేతికందే దూరంలో ఉన్నపుడు ఇంజనును తటస్థంలో ఉంచితే చాలదు, పూర్తిగా ఆపివేయాలి. నడిపేవాని కాలికో నడుముకో కట్టే చుట్టతాడు మరొక ముఖ్యమైన సాధనం. అతడు పడవలో నుండి జారిపడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఈ తాడును కట్టుకోకుండా పక్కన వేలాడదీసే అలవాటు ప్రపంచమంతటా ఉన్నది. నడిపేవారు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ, పడిన మనుషుల మీదికే రావడం వంటి ప్రమాదాలు పలుచోట్ల జరిగాయి.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి పడవ అడుగున పేరుకొంటుంది. లోపలి పెట్రోలు ఇంజను ఉన్న పడవలో పంకాతో ఆ ఆవిరిని బయటికి పంపిన తరువాతనే ఇంజను తిప్పాలి. నీటిపై రక్షణ చొక్కా వేసుకొనే అలవాటు మాత్రం తెరచాప క్రీడాకారులకు ముందే ఉంటుంది, అది అలాగే కొనసాగించదగినది.

చట్టం, శిక్షణ

భారతదేశంలో 1917 నాటి లోతట్టు నౌకల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. పూర్తిగా గాని, కొంతవరకు గాని యంత్రశక్తితో నడిచే పడవలకు నమోదు, తనిఖీ, నడిపేవారి అర్హతాపత్రం, బీమా మొదలైనవాటిని ఈ చట్టం నిర్దేశిస్తుంది. యంత్రం లేని పడవల విషయం విడిగా చెప్పబడింది. అంటే చాప పడవకు చిన్న మోటారు తగిలించిన క్షణాన దాని చట్టపరమైన స్థితే మారిపోతుంది. విదేశాలలో పలుచోట్ల చెల్లే అంతర్జాతీయ అర్హతాపత్రంలోనూ తెరచాపకు, యంత్రానికి వేరువేరు విభాగాలు ఉన్నాయి. ఒకదానిలో ఉత్తీర్ణుడైనంత మాత్రాన రెండవది దక్కదు.

తెలుగు తీరంలో, నదులలో

సికింద్రాబాదులో ఇది క్రీడకు, తీరికకు సంబంధించిన మార్పు. ఆంధ్ర తీరంలో ఇది జీవనోపాధికి సంబంధించినది. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు మత్స్యకారులు తెప్పలను, నావలను తెరచాపతో నడిపేవారు. రాత్రి నేల నుండి సముద్రం మీదికి వీచే గాలితో తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నం సముద్రం నుండి వీచే గాలితో ఒడ్డు చేరేవారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం, అలల మీదుగా ఇసుక ఒడ్డుకు చేరగల ఇంజను పడవల నమూనాలను ఈ తీరానికి పరిచయం చేసింది. క్రమంగా ఫైబరు పడవ, దాని వెనుక మోటారు సర్వసాధారణమైనాయి. వేటకు పోయే దూరం పెరిగింది, తిరిగివచ్చే వేళ గాలి చేతిలో లేకుండా పోయింది. దానితోపాటు ప్రతి వేటకు ముందే ఇంధనపు ఖర్చు పెట్టవలసి వచ్చింది. చేప పడని రోజున తెరచాపకు శ్రమ మాత్రమే నష్టం, మోటారుకు అప్పు కూడా మిగులుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధం మోటారు పడవలకు వర్తిస్తుంది, మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నది.

గోదావరి జిల్లాల కాలువలలో గాలి అనుకూలించినపుడు చాపతోనూ, లేనపుడు గట్టున మనుషులు తాడుతో లాగగానూ నడిచిన పడవల స్థానాన్ని లాంచీలు, ఆపై రోడ్డు రవాణా ఆక్రమించాయి. నదిలో లాంచీ నడిపే సరంగుకు ఇంజను జ్ఞానం కంటే సుడుల జ్ఞానం ముఖ్యమని పాతవారు భావించేవారు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ మునిగి సుమారు 50 మంది మరణించారు. అక్కడి మలుపులో సుడులు ఉన్నట్లు స్థానికులకు తెలిసినదే.

మధ్యేమార్గాలు

చాప, ఇంజను రెండింటినీ సమంగా నమ్ముకొనే పడవలు కూడా ఉన్నాయి. వీటిలో పైకప్పు గల చోటు నుండి పడవ నడపవచ్చును, గాలి అనుకూలిస్తే చాప ఎత్తవచ్చును. అయితే మంచి తెరచాప పడవ అంత చురుకుగాను, మంచి మోటారు పడవ అంత విశాలంగాను ఇవి ఉండవన్న విమర్శ ఉన్నది. బ్యాటరీతో నడిచే మోటార్లు వచ్చిన తరువాత చిన్న చెరువులలో శబ్దం, పొగ సమస్య కొంత తగ్గే అవకాశం ఏర్పడింది. బ్యాటరీ పడవలో తక్కువ వేగంతో పోతేనే ఎక్కువ దూరం పోగలరు. ఆ లెక్క తెరచాప నావికులకు మోటారు పడవవారికంటే త్వరగా వంటబడుతుంది.